గొడ్రాలను నింద – పురుషబీజము



పోయిన మాసమున స్త్రీశరీరమందలి అండమును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున దానికి జతయగు పురుషబీజమును గూర్చి తెలిసికొందము. ఇట్టి విషయము స్త్రీలు చదువు పత్రికలో నేలయని కొందఱు పెద్దలకు తోపవచ్చును. కాని పెండ్లియైన కొన్నాళ్లకు కడుపు పండకున్నచో గొడ్రాలను మాట పడునది స్త్రీయే. వరుసగా ఆడుబిడ్డలు కలిగినచో అత్తవారింట ఎత్తిపొడుపులు వినునదియు స్త్రీయే. నిందను మోయువారు నిజమును తెలిసికొనవలదా?

మన పూర్వులు స్త్రీని క్షేత్రముతోను, పురుషుని బీజముతోను పోల్చిరి. మనుస్మృతియందును ఈ పోలిక కలదు. వినుటకు సొంపుగా నున్నను ఇది ప్రకృతికి సరిపడదు. నానిన సెనగగింజను విడదీసి చూడుడు. అందు మొలక పూర్తిగా నున్నది. దానికి వలసిన ఆహారము సయితము దానియందే యున్నది. శుక్రకణము అట్టి విత్తనము కాదు. పూవునందలి పుప్పొడితో దానిని పోల్చుట సరియైనది. పుప్పొడి తెచ్చునది సగము, పూవులోని అండము వేఱొక సగము. రెండును కలిసిననే గింజ.

ఈ భ్రమ మనకు మాత్రమే కలిగినది కాదు. 1677లో హాలెండు దేశపు డెల్ఫ్టు పట్టణమున బట్టల వర్తకుడగు లీవెన్‌హుక్ తన సూక్ష్మదర్శనితో శుక్రకణములను పరిశీలించి లోకమునకు తెలిపెను. 1694లో హార్ట్‌సూకర్ అనునతడు శుక్రకణపు తలలో ముడుచుకొని కూర్చున్న చిన్న మనుష్యుని బొమ్మ గీసెను. క్షీరదముల అండమును బేయరు పండితుడు కనుగొనుట 1827లో గాని జరుగలేదు. 1876లో హెర్ట్‌విగ్ ఒక సముద్రజీవి అండమందు రెండు కేంద్రకములును ఏకమగుట చూచిన పిమ్మట, ఇరువురిదియు సమభాగమని తేలినది.

ఇక శుక్రకణము పుట్టు తీరు వినుడు. వృషణములు కడుపులో నుండక వెలుపలి సంచిలో నుండుటకు కారణము కలదు. ఈ పనికి దేహపు వేడికంటె 2, 3 డిగ్రీలు తక్కువ వేడి కావలెను. ఒక్కొక్క వృషణమందు దారములవంటి సన్నని గొట్టములు కొన్ని వందలు చుట్టలు చుట్టుకొని యున్నవి. వాని గోడలయందు మూలకణములు గలవు. యౌవనారంభమున మెదడు క్రిందనున్న పిట్యూటరీ గ్రంథి హార్మోనులను పంపగా ఇవి విభజన నారంభించును. ఆ పని ముసలితనము వఱకును సాగును. మన దేహకణములందు 46 క్రోమోజోములు, అనగా 23 జంటలు గలవు. ఇచట జరుగు ప్రత్యేక విభజనము రెండు మెట్లుగా సాగి, ఒక కణమునుండి 4 కణములు ఏర్పడును. ఒక్కొక్కదానిలో 23 క్రోమోజోములే మిగులును. గుండ్రముగా పుట్టిన ఆ కణములకు తోక మొలచువఱకు సెర్టోలి కణములను దాదులు వానిని పోషించును. ఇదంతయు ముగియుటకు సుమారు 70 దినములు పట్టును. పిదప వృషణమునకు వెనుక అంటియున్న సుమారు 6 మీటర్ల పొడవుగల చుట్టగొట్టములో కొన్ని దినములు నిలిచి, అవి ఈదు శక్తిని గడించును. కావుననే గట్టి జ్వరము తగిలిన పురుషునకు రెండు మూడు నెలలవఱకు శుక్రకణములు తగ్గియుండవచ్చును.

దాని నిడివి మిల్లీమీటరులో సుమారు 20వ వంతు. అందును పెక్కుపాలు తోకయే. తలలో 23 క్రోమోజోములు గట్టిగా కుక్కియుండును. తలపై టోపీవంటి సంచి యొకటి కలదు. అందలి రసములు అండపు పైపొరను దాటుటకు తోడ్పడును. నడిమి భాగమున మైటోకాండ్రియములు పురిగా చుట్టుకొని ఈదుటకు శక్తి నిచ్చును. బిడ్డకు వలసిన ఆహారము మాత్రము అందు లేదు. తొలి దినముల తిండి యంతయు అండమే పెట్టును. బిడ్డ కణములందలి మైటోకాండ్రియములును దాదాపుగా తల్లినుండి వచ్చినవే. తల్లి వట్టి నేలయని యెట్లనగలము?

ఆడుబిడ్డల మాటకు వత్తము. 1905లో అమెరికాలో నెట్టీ స్టీవెన్స్ అను విదుషి పిండిపురుగులను పరిశీలించి, మగ పురుగుల శుక్రకణములు రెండు విధములని కనుగొనెను. అదే యేట విల్సను పండితుడును వేఱుగా ఇట్టి నిర్ణయమునకే వచ్చెను. మనుష్యులయందును తల్లి అండము ఎక్స్ క్రోమోజోమునే ఇయ్యగలదు. శుక్రకణములలో సగమునకు ఎక్స్, సగమునకు వై ఉండును. ఎక్స్ గలది చేరిన ఆడుబిడ్డ, వై గలది చేరిన మగబిడ్డ. అందుచేత తండ్రిని నిందింపుడని కాదు. అది ఆతని యిచ్ఛలో లేదు. ఆడుబిడ్డ కలుగుట నిందకు తగినది కానే కాదు.

సంతానము లేని దంపతులలో దాదాపు సగముమందియందు పురుషుని వైపునను కారణ ముండును. ఒక సంవత్సరము వేచినను గర్భము నిలువనిచో ఇరువురును కలిసి వైద్యుని చూడవలెను. భార్య వయస్సు 35 దాటినచో ఆఱు నెలలే చాలును. పురుషుని పరీక్ష సులభము. కోత లేదు, నొప్పి లేదు. 2 మొదలు 7 దినములు నియమముగా నుండి శుక్రము నిచ్చిన చాలును. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో ఒక మిల్లీలీటరునకు 1 కోటి 60 లక్షల కణములను కనీసపు గుర్తుగా చూపినది. అంతకు తగ్గిన మాత్రమున ఆశ విడువరాదు, మఱల పరీక్షింపవలెను. వృషణముల రక్తనాళముల వాపు, యుక్తవయస్సు దాటి వచ్చిన గవదబిళ్ళలు, పొగాకు, కండలకై వేయించుకొను టెస్టోస్టిరోను సూదులు మున్నగునవి కారణములు కావచ్చును. వీనిలో చికిత్సకు లొంగునవి పెక్కులు కలవు.

కావున, కోడలిని ఆసుపత్రులచుట్టును, మ్రొక్కులచుట్టును త్రిప్పుటకు ముందు కుమారునకు ఈ చిన్న పరీక్ష చేయింపుడని అత్తగార్లకు మనవి. ఇందు మగతనమునకు వచ్చు లోప మేమియు లేదు. సంతానము ఇరువురి సొత్తు. అది కలుగని కష్టమును ఇరువురును పంచుకొనుటయే ధర్మము.