తీపి మన చేతిలో ఉండాలి

ఎండలు ముదిరాయంటే ఇక్కడ కువైట్‌లో ఏ ఫ్రిజ్ తెరిచినా కూల్‌డ్రింకు డబ్బాలే. అక్కలూ, 330 మిల్లీలీటర్ల మామూలు కోలాలో చక్కెర దాదాపు 35 గ్రాములు, అంటే ఎనిమిది చెంచాల పైనే! పిల్లల గ్లాసులో మన చేత్తో అంత వేస్తామా?

దానికన్నా నిమ్మకాయ సోడా నయం. ఒక కాయ రసంలో రెండు చెంచాల చక్కెర, చిటికెడు ఉప్పు, కాసిని నీళ్లు పోసి ముందే కరిగించండి. బాగా చల్లబడ్డ సోడా చివర్లో మెల్లగా పోయండి. గిలక్కొడితే గ్యాసంతా పోతుంది. వారం వారం అర చెంచా చక్కెర తగ్గిస్తూ రండి, నాలుకే అలవాటు పడుతుంది.

బీపీ ఉన్నవాళ్లకు ఉప్పు వద్దు. నల్లుప్పు కూడా ఉప్పే. ఎండదెబ్బ తగిలితే మాత్రం సోడాలతో కూర్చోకండి, ఆస్పత్రికి పరుగెత్తండి. మిగతా రోజులకు డబ్బాల అట్టపెట్టె బదులు నిమ్మకాయల సంచి తెచ్చుకుందాం.