సంచి తీయిస్తే పీడా పోతుందా?

2018 జులైలో శానిటరీ ప్యాడ్ల మీద జీఎస్టీ ఎత్తేశారు. మరుసటి ఏడు జన ఔషధి దుకాణాల్లో ‘సువిధ’ ప్యాడ్ రూపాయికి దిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరులో ‘స్వేచ్ఛ’ పథకం పెట్టి, ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు నెలకు పది ప్యాడ్లు ఉచితం అన్నారు. మంచి పనులే, కాదనను. కానీ చెరకు తోటలో నిలబడ్డ ఆడమనిషి ఆ ప్యాడ్ ఎక్కడికెళ్లి మార్చుకోవాలి?

మహారాష్ట్రలోని బీడ్ జిల్లా సంగతి 2019లో రచ్చకెక్కింది. దసరా దాటగానే అక్కడి కూలీలు చెరకు కోతలకు వలసపోతారు. మేస్త్రీ ముందే అడ్వాన్సు చేతిలో పెడతాడు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ కలిసి ఒక కొడవలి కింద లెక్క. ఒకరు ఒక్కరోజు మానేసినా కూలి పోతుంది, పైగా జరిమానా. గుడిసెల దగ్గర మరుగుదొడ్డి ఉండదు, నీళ్లు చాలవు. ముట్టుగుడ్డ మార్చకుండానే పొద్దంతా మోపులు మోయాలి. ఆ తర్వాత దురద, తెల్లబట్ట, పొత్తికడుపులో నొప్పి. మందుబిళ్లలతో పోయే జబ్బుకు కూడా ప్రైవేటు డాక్టరు క్యాన్సర్ పేరు చెప్పి భయపెడతాడు. ‘సంచి తీయించేస్తే పీడా పోతుంది’ అంటాడు. నెలనెలా కూలి పోగొట్టుకునే మనిషికి ఆ మాట వరంలా వినిపిస్తుంది. ప్రభుత్వ కమిటీ 82,309 మంది చెరకు కూలి స్త్రీలను విచారిస్తే 13,861 మందికి గర్భసంచి లేదని తేలింది. ఆరుగురిలో ఒకరు!

పొరుగువారిని చూసి జాలిపడే అర్హత మనకు లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, తెలంగాణలో ఎనిమిది మంది, ఆంధ్రలో దాదాపు తొమ్మిది మంది. అన్నిటికీ ముట్టే కారణం అనడం లేదు. చిన్న వయసు పెళ్లిళ్లు, పాతికేళ్లకే కుటుంబ నియంత్రణ ఆపరేషన్, ఆసుపత్రుల ఆశ, అన్నీ ఉన్నాయి. ‘పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకది?’ అని అత్తా అంటుంది, చివరికి కోయించుకునే మనిషే అంటుంది. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగిన బాధలన్నీ ఒక్కసారే మీదపడతాయి. ఒళ్లంతా ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం, గుండెకు ముప్పు. ఏ కూలి కోసం కోయించుకుందో ఆ కూలికే పనికిరాకుండా పోతుంది.

అనవసర ఆపరేషన్లను కట్టడి చేసే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలకు చెప్పింది. మన రెండు ప్రభుత్వాలూ ఏ ఆసుపత్రిలో ఎన్ని చేశారో, ఏ వయసువారికి చేశారో ఊరూరా తెలిసేలా బయటపెట్టాలి.

ఇక రైతులకో మాట. కర్నూలు పడమటి పల్లెల నుంచి గుంటూరు మిరప కోతలకు ఏటా ఆడవాళ్లు వస్తారు. ఈసారి వాళ్లు దిగేలోపే చేను గట్టున తడికలతో ఒక మరుగు కట్టించండి, పక్కన నీళ్ల డ్రమ్ము పెట్టించండి. ముట్టు రోజున మానేసిన మనిషికి కూలి కోయొద్దు.