యాపిల్ గ్యారేజీ పురాణమూ, ఐదు డాలర్ల చిప్పూ

ఇంజినీరింగు కాలేజీ గెస్ట్ లెక్చరు కానివ్వండి, కంపెనీ ఆల్ హ్యాండ్స్ మీటింగు కానివ్వండి, మైకు దొరికిన ప్రతి పెద్దమనిషీ ఒకే పురాణం విప్పుతాడు. అనగనగా ఒక గ్యారేజీ, అందులో ఇద్దరు స్టీవులు, చేతిలో చిల్లిగవ్వ లేదు, కళ్ళనిండా కలలు. కట్ చేస్తే లక్ష కోట్ల డాలర్ల కంపెనీ! చివర్లో మన మొహాలకేసి జాలిగా చూసి, "మీలో ఆ ఫైరేదీ?" అంటాడు.

ఈ పురాణం మనకి మంచి చెయ్యకపోగా చెడు చేస్తోందని నా గట్టి నమ్మకం. ఇది విన్న కుర్రాడికి, పైకి రావాలంటే ఐడియా, తెగువ ఉంటే చాలు, మనకి లేనివీ అవే కాబోలు అనిపిస్తుంది. యాపిల్ నిజంగా ఎలా పైకొచ్చిందో చూస్తే మనకి లేనిది ఇంకేదో ఉందని తెలుస్తుంది.

ముందు ఆ గ్యారేజీ సంగతి తేల్చేద్దాం. అదంతా చాలావరకూ కట్టుకథేనని సాక్షాత్తూ వోజ్నియాకే 2014లో చెప్పాడు. ఆయన డిజైను పని ఎక్కువగా చేసుకున్నది తను ఉద్యోగం చేస్తున్న హ్యూలెట్ ప్యాకర్డ్ ఆఫీసులో. చిల్లిగవ్వ లేదన్నది కంపెనీ పెట్టిన మొదటి ఏడాది వరకే. 1977లో, ఇంటెల్ షేర్లతో బాగా సంపాదించి రిటైరైన మైక్ మార్కులా అప్పూ పెట్టుబడీ కలిపి రెండున్నర లక్షల డాలర్లు పెట్టాడు. కంపెనీ నడపడానికి అనుభవమున్న మనిషిని కూడా తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. యాపిల్ టూ ఆఫీసుల్లోకి దూరడానికి ముఖ్య కారణం 1979లో వచ్చిన విజికాల్క్. దాన్ని రాసింది యాపిల్ వాళ్ళు కాదు, బయటివాళ్ళు ఇద్దరు.

ఆ తర్వాతి కథా అంతే. మౌసు, విండోల ఆలోచనల్లో చాలావాటిని 1979లో జిరాక్స్ పార్క్ ల్యాబులో చూసొచ్చారు. బదులుగా జిరాక్స్‌కి పది లక్షల డాలర్లకు లక్ష షేర్లు కొనుక్కునే అవకాశం ఇచ్చారు. మ్యాక్ ఓఎస్ టెన్‌కి పునాది, 1996 డిసెంబరులో కొంటున్నామని ప్రకటించిన నెక్స్ట్ కంపెనీది. దాని లోపలున్న మాక్ కెర్నెల్ కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పుట్టింది. ఐట్యూన్స్ అంతకుముందు సౌండ్‌జామ్. సఫారీ ఇంజను ఓపెన్ సోర్స్ వాళ్ళ కేహెచ్‌టీఎంఎల్. ఐఫోనుకు ముందు, 2005లో, మల్టీటచ్ మీద పనిచేస్తున్న ఫింగర్‌వర్క్స్‌ని కొనేశారు.

దొంగతనం అనట్లేదండీ. అన్నీ ఎక్కడో ఒకచోట తయారై ఉన్నాయి. ఏది తెచ్చుకోవాలి, ఏది పారెయ్యాలి, జనం ముందుకు ఏ రూపంలో తేవాలి అని తేల్చడమే యాపిల్ చేసిన పెద్ద పని. ఆ తేల్చడంలో జాబ్స్‌కి సాటి లేరంటే నేనూ చెయ్యెత్తుతాను. కానీ గ్యారేజీ పురాణంలో ఈ ముక్క ఉండదు.

ఇప్పుడు మన ఊరి ముచ్చట. యాపిల్‌ని కంప్యూటర్ల కంపెనీ నుంచి ఇంటింటి కంపెనీగా మార్చింది ఐపాడ్. 2006 ఆర్థిక సంవత్సరంలో యాపిల్ రాబడిలో దాదాపు 40 శాతం దానిదే. 2007 ఏప్రిల్ నాటికి పది కోట్లు అమ్ముడయ్యాయి. 2001 అక్టోబరులో వచ్చిన మొదటి ఐపాడ్‌లో హార్డ్ డిస్కు తోషిబాది. గుండెకాయలాంటి చిప్పూ, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ పునాదీ పోర్టల్‌ప్లేయర్ అనే కంపెనీవి. కంపెనీ కాలిఫోర్నియాదే అయినా, దాని ఇంజినీరింగు సెంటర్లలో ఒకటి హైదరాబాదులో ఉండేది. ప్రపంచమంతా చెవుల్లో తెల్లతీగలు పెట్టుకుని ఊగుతున్న రోజుల్లో దాని వెనక మన ఊళ్ళో కూర్చున్న ఇంజినీర్ల చెమట కూడా ఉందన్నమాట.

"అదీ మనవాళ్ళంటే!" అని చప్పట్లు కొట్టబోతున్నారా? ఒక్క నిమిషం, లెక్క చూడండి. 2007లో కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు 299 డాలర్ల వీడియో ఐపాడ్‌ని విప్పి, ఎవరికెంత దక్కిందో లెక్కగట్టారు. యాపిల్‌కి సుమారు 80. అమ్మేవాళ్ళకీ, పంపిణీ చేసేవాళ్ళకీ 75. తోషిబా హార్డ్ డిస్కు ఖరీదు 73. పోర్టల్‌ప్లేయర్ చిప్పుకి సుమారు 5. చైనాలో బిగించి, పరీక్షించి, పెట్టెలో పెట్టినందుకు నాలుగు కూడా లేదు. సొమ్మొకడిది, సోకొకడిది అంటారు. ఇక్కడ సొమ్మూ సోకూ రెండూ ఒకడివే, రెక్కల కష్టం మాత్రం మిగతావాళ్ళది.

పోనీ ఆ ఐదు డాలర్లైనా నిలిచాయా? 2006 ఏప్రిల్‌లో, రాబోయే ఫ్లాష్ ఐపాడ్లలో తమ చిప్పు ఉండబోదని పోర్టల్‌ప్లేయర్ ప్రకటించింది. రాబడిలో సింహభాగం ఒకే కస్టమరుది. ఒక్కరోజులో షేరు కుప్పకూలింది. అదే ఏడాది నవంబరులో ఎన్విడియా 35.7 కోట్ల డాలర్లకు దాన్ని కొంటున్నట్టు చెప్పింది. పదేళ్ళు తిరిగాక, 2017లో, ఐఫోనుకి గ్రాఫిక్స్ డిజైను అందించే బ్రిటిష్ కంపెనీ ఇమాజినేషన్‌కీ అచ్చం ఇదే గతి పట్టింది.

ఇదే సమయంలో యాపిల్ ఏం చేసిందో చూడండి. 2005లో ఐదుగురు ఫ్లాష్ మెమరీ తయారీదార్లకి 125 కోట్ల డాలర్లు ముందే చెల్లించి సరుకు తనకి కట్టేసుకుంది. 2008లో పీఏ సెమీ అనే చిప్పుల కంపెనీని కొంది. 2010లో ఏ4, 2020లో ఎం1. ఎక్కడ ఇంకొకళ్ళ మీద ఆధారపడితే మెడ వాళ్ళ చేతిలో ఉంటుందో గుర్తుపట్టి, సరిగ్గా ఆ ముక్కని సొంతం చేసుకుంటూ పోయింది. ఈ పనుల్లో గ్యారేజీ లేదు, ఫైరూ లేదు. ఓపిక ఉంది, డబ్బు ఉంది, పదేళ్ళు ఒకే పని మీద కూర్చున్న ఇంజినీర్లున్నారు.

ఇప్పుడు మన ఆఫీసుల్లోకి రండి. నేను పనిచేసిన ఒక కంపెనీలో విదేశీ క్లయింటు తయారుచేసే పరికరానికి స్క్రీన్లు రాసేవాళ్ళం. మామూలు సెట్టింగు ఒకటి మార్చాలంటే ఐదు మెనూలు దాటాలి. కొత్తగా చేరిన పిల్ల ఒకమ్మాయి, రెండు మెనూల్లో అయ్యేలా చేసి చూపించింది. మేనేజరు చూశాడు, బాగుందన్నాడు, "ఇది మన స్కోపులో లేదమ్మా, టికెట్టొస్తే చూద్దాం" అన్నాడు. టికెట్టు రాలేదు. ఏడాది తిరిగేసరికి ఆ అమ్మాయిని ఇంకో ప్రాజెక్టుకి మార్చేశారు.

ఆ అమ్మాయికి క్రియేటివిటీ లేదా? ఫైరు లేదా? రెండూ ఉన్నాయి, వాటిని వాడుకునే అధికారం లేదు. మన దగ్గర ఒకే వస్తువు మీద పదేళ్ళు పనిచేసినవాణ్ణి "ఎదుగూ బొదుగూ లేనివాడు" అంటారు. కోడు రాయడం మానేసి ఎంతమంది మీద పెత్తనం చేస్తే అంత గొప్ప. అలాంటి చోట పనిచేసేవాళ్ళకి జాబ్స్ బొమ్మ చూపించి తిట్టడం, కాళ్ళు కట్టేసి పరిగెత్తమన్నట్టే ఉంటుంది.

"సర్వీసు కంపెనీలే లేకపోతే నువ్వెక్కడుండేవాడివోయ్?" అంటారేమో. నిజమే, లక్షల ఇళ్ళల్లో దీపం పెట్టిన రంగం అది, కాదనను. వస్తువు తయారుచెయ్యాలంటే నష్టం భరించే పెట్టుబడి కావాలి, అదీ నిజమే. కానీ 2016లో యాపిల్ మ్యాప్స్ సెంటర్ హైదరాబాదుకొచ్చింది, 2025లో కొంగరకలాన్ ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో ఎయిర్‌పాడ్ల తయారీ మొదలైంది. రెండుసార్లూ మనం అడిగిన ప్రశ్న ఒకటే: ఎన్ని ఉద్యోగాలు? ఉద్యోగాలు కావాల్సిందే. ఆ ఉద్యోగాల్లో నిర్ణయించే పని ఎంత, చెప్పింది చేసే పని ఎంత అని కూడా అడగాలి. ఐపాడ్ లెక్కలో 80కీ 5కీ మధ్యనున్న తేడా అదే.

కాబట్టి నాయకుల్లారా, ఉపన్యాసాలు కాస్త తగ్గించి ఒక చిన్న పని చెయ్యండి. మీ కింద పనిచేసే ఒక టీముకి ఒక వస్తువు అప్పజెప్పండి, చిన్నదైనా సరే. అది ఎలా ఉండాలో, ఎంతకి అమ్మాలో, ఏది తీసెయ్యాలో వాళ్ళనే తేల్చనివ్వండి. ఐదేళ్ళు వాళ్ళని కదపకండి. ఇక ఇంటర్వ్యూలకి వెళ్ళే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ప్యాకేజీ ఎంతో అడగండి, తప్పులేదు. దాంతోపాటు "ఈ వస్తువులో ఏం ఉండాలో ఎవరు నిర్ణయిస్తారు, వాళ్ళు ఏ ఆఫీసులో కూర్చుంటారు?" అని కూడా అడగండి. జవాబు చెప్పడానికి వాళ్ళు నీళ్ళు నమిలితే, మీరు చేరబోయేది ఐదు డాలర్ల వైపేనని తెలుసుకుని చేరండి.