అడవి మీద మోపిన నేరం

మన కాలేజీల్లో విలియం గోల్డింగ్ 1954 నవల ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’ చెప్పినప్పుడల్లా ఒకటే పాఠం. దీవిలో చిక్కుకున్న ఇంగ్లీషు బడిపిల్లలు పెద్దల అదుపు తప్పగానే మొహాలకు రంగులు పూసుకుని చంపడానికి తెగబడ్డారు కాబట్టి, చట్టమూ పోలీసూ లేకపోతే మనిషిలోని మృగం బయటపడుతుందట! నవల చివర ఆ పిల్లల్ని కాపాడేది యుద్ధనౌక దిగిన అధికారి. లోకాన్ని తగలబెడుతున్న యుద్ధంలోంచే వచ్చాడతను. ఆ పేజీని మాత్రం మన పాఠాలు దాటేస్తాయి.

విశాఖ మన్యంలోని గూడెం కొత్తవీధి చరిత్ర తెలిసినవాళ్లెవరూ ఈ పాఠాన్ని ఒప్పుకోకూడదు. ఈ కొండల మీద క్రూరత్వం చట్టం లేక పుట్టలేదు. చట్టాన్ని చంకన పెట్టుకునే ఘాటీ ఎక్కింది. తాతల నాటి నుంచి పోడు కొట్టుకుంటున్నవాణ్ణి 1882 మద్రాసు అటవీ చట్టం నేరస్థుణ్ణి చేసింది. ఆ తర్వాత నర్సీపట్నం–చింతపల్లి రోడ్డు పని. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యంవాళ్లను ఆ పనికి తోలి, అరకొర కూలి విదిల్చి, నానా హింసలూ పెట్టాడు. సర్కారు కుర్చీలో కూర్చున్నవాడు!

మరి ‘అనాగరికులు’ ఏం చేశారు? 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర తమ మనుషులతో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. ఏమేం తీసుకున్నారో రాసిపెట్టి మరీ వెళ్లారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో జరిగింది చూడండి. ఇరుకు దారిలో సర్కారు దళం వస్తోంది. పైన రామరాజు ఫితూరీదార్లు (తిరుగుబాటుదార్లు) గురిపెట్టి కాచుకున్నారు. ముందు మన దేశపు సిపాయిలు వచ్చారు. పోనిచ్చారు. స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు కంటబడ్డాకే తుపాకులు పేలాయి. కడుపు మండిపోతున్నా, వేలు మీట మీదే ఉన్నా, వీడు కాదు అని ఆగగలగడాన్ని మించిన నాగరికత ఏ పుస్తకంలో ఉంది? పట్టుబడ్డ రామరాజును 1924 మే 7న కొయ్యూరులో విచారణ లేకుండా చెట్టుకు కట్టి కాల్చినవాళ్లలో ఆ నిగ్రహం లేదు. కోర్టులూ శిక్షాస్మృతులూ మాత్రం వాళ్ల దగ్గర దండిగా ఉన్నాయి.

మరి ఖోండు గిరిజనుల నరబలి మాటేమిటంటారా? మెరియా అనే ఆ బలి ఘోరం, దాన్ని నేను వెనకేసుకురాను. కానీ పన్ను బకాయిల గొడవతో 1836లో ఒడిశాలోని గుంసూరు కొండలెక్కిన ఈస్టిండియా కంపెనీ సైన్యం ఖోండుల ఊళ్లు తగలబెట్టింది, మనుషుల్ని ఉరితీసింది. మన సినిమాలు మాత్రం బలినే పట్టుకున్నాయి. నెత్తిన ఈకలు, గుంజకు కట్టిన హీరో, చుట్టూ గెంతే మూక. సిగ్గుచేటు!

ఇదంతా పాతకథ కాదు. ఎకరం పోడు కొడితే నేరమన్న రాజ్యమే 2015 నవంబరులో జీవో 97తో ఇదే మన్యంలోని జర్రెల అడవిలో 1,212 హెక్టార్లను బాక్సైటు తవ్వకానికి రాసిచ్చింది. జనం తిరగబడ్డారు, 2019లో ఆ జీవో రద్దయింది. అడవి తరఫున వచ్చామన్న మావోయిస్టులనూ వదలను. పోలీసు ఇన్‌ఫార్మర్ అని ముద్రవేసి ‘ప్రజాకోర్టు’ పేరిట గిరిజనుణ్ణి చంపడం కూడా చట్టం వేషం కట్టిన హత్యే.

వాకపల్లి మాట వస్తే నా కోపం ఆగదు. 2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలంలోని ఆ ఊళ్లో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది ఖోండు మహిళలు ఫిర్యాదు చేశారు. తీర్పు 2023 ఏప్రిల్ 6న వచ్చింది. 13 మంది నిందితులూ నిర్దోషులుగా బయటికొచ్చారు. దర్యాప్తు సరిగా జరగలేదని కోర్టే తప్పుపట్టి, ఆ మహిళలకు పరిహారం ఇమ్మంది. పదిహేనేళ్లు దాటి ఎదురుచూసిన ఆడవాళ్లకు చివరికి దక్కింది ఆ డబ్బు!

నవల రాసే తెలుగువాళ్లను అడుగుతున్నాను. కొండవాడి లోపల మృగం కోసం వెతికింది చాలు. వాకపల్లి దర్యాప్తును ఎవరు, ఏ ఆఫీసు గదిలో కూర్చుని, ఏ కాగితం రాయకుండా పాడుచేశారో రాయండి.