పీ-వన్నా, పీ-టూనా?

ఇంట్లో మాట పెరిగినప్పుడల్లా మేము చెప్పే కారణాలు రెండే: ట్రాఫిక్, అమెరికా క్లయింటు. హైదరాబాదులో సిస్టమ్ అడ్మిన్‌లుగా బతుకుతున్న మా తరం ఈ రెంటినీ ఎంత అరగదీసిందంటే, మేము నోరు తెరవకముందే మా భార్యలు మిగతాది అప్పజెప్పేస్తారు. 'భార్యలే ఎందుకు, అడ్మిన్‌లలో ఆడవాళ్లు లేరా?' అని మీరు అడగొచ్చు. ఉన్నారు. వాళ్లలో చాలామంది ఎటు పోయారో తర్వాత చెప్తాను. అందులోనూ మా చెయ్యి ఉంది. ఆ రెండు కారణాలూ అబద్ధాలు కావు. కానీ వాటి చాటున మేము చాలా దాచుకున్నాం.

ముందు ట్రాఫిక్ సంగతి. సైబర్ టవర్స్ 1998లో తెరుచుకున్నప్పుడు మాదాపూర్ చుట్టూ రాళ్లగుట్టలే. ఇప్పుడు సాయంత్రం నాలుగు చినుకులు పడితే ఐకియా దగ్గర ఎక్కడి కార్లు అక్కడే. కూకట్‌పల్లి వాడికే ప్రాణం విసుగెత్తుతుంటే ఎల్బీనగర్ నుంచి వచ్చేవాడి గతి చెప్పక్కర్లేదు. 2019 నవంబరులో మెట్రో రాయదుర్గం దాకా వచ్చింది. మరుసటి ఏడు దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చింది. మేము ఇంటికి చేరే వేళ మాత్రం మారలేదు. మారదు కూడా. మన సాయంత్రం 6.30కి వేసవిలో న్యూయార్కులో పొద్దున 9 అవుతుంది. బ్యాగు సర్దుకునే వేళకు అటువైపు వాళ్లు కాఫీ కప్పుతో కూర్చుంటారు. 'ఒక్క ఐదు నిమిషాలు' అంటారు. ఆ ఐదు నిమిషాలకు మేమెప్పుడూ అడ్డం చెప్పలేదు. ఎనిమిదిన్నరకు బయటపడి, ఇంటికి ఫోన్ చేసి, 'రోడ్డు జామ్ అయింది' అన్నాం.

తప్పు రోడ్డుది కాదనడానికి రుజువు 2020లో దొరికింది. మార్చిలో లాక్‌డౌన్ వచ్చి రోడ్లు ఖాళీ అయ్యాయి. తొలి వారాల్లో ఊపిరాడలేదు, సరే. వేలమందిని ఇళ్లనుంచి ఆఫీసు నెట్‌వర్కులోకి తేవాలి, వీపీఎన్ లైసెన్సులు చాలవు, లాప్‌టాప్‌లు చాలవు. అదంతా సర్దుకున్నాకైనా, రోజూ రోడ్డు మీద పోయే ఆ రెండు మూడు గంటలు ఇంటికి రావాలి కదా? రాలేదు. పొద్దున స్టాండప్ మీటింగు ముందుకు జరిగింది, రాత్రి కాల్ వెనక్కి జరిగింది, మధ్యలో బెడ్‌రూమ్ తలుపు మూసుకుంది. ఉల్లిపాయలు తరుగుతూ ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్న మగాణ్ణి చూసి ఇంట్లో పని పంచుకుంటున్నాడనుకున్నారు చుట్టాలు. అటు, సిస్టమ్ పడిపోతే అందరూ కలిసే బ్రిడ్జి కాల్ నడుస్తుండేది. కుక్కర్ కూత కాల్‌లోకి పోకుండా మ్యూట్ నొక్కడమే ఆ వంటలో మా వంతు. రోడ్డు అడ్డం లేనప్పుడు కూడా మేము ఇల్లు చేరలేదు. ఆఫీసుకు మళ్లీ రమ్మన్నప్పుడు పైకి గొణిగినవాళ్లలో లోపల హాయిగా ఊపిరి పీల్చుకున్నవాళ్లు తక్కువేం కాదు.

ఇక క్లయింటు. అక్కడి సర్వర్ల మీద చెయ్యి వెయ్యాలంటే వాడకం తక్కువుండే వేళ చూస్తారు. అమెరికా తూర్పు తీరంలో శనివారం రాత్రి 11 నుంచి తెల్లవారుజాము 3 దాకా అనుకోండి. మనకది వేసవిలో ఆదివారం పొద్దున 8.30 నుంచి 12.30. చలికాలం వాళ్ల గడియారం మారితే మధ్యాహ్నం 1.30 దాకా. అంటే మటన్ షాపు క్యూ, పిల్లల తలంటు, అత్తగారి వీడియో కాల్, భోజనం, అన్నీ వాళ్ల మెయింటెనెన్స్ విండోలోనే. నెలలో రెండో మంగళవారం మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు విడుదలయ్యేది మన రాత్రి 10.30కి, చలికాలంలో 11.30కి. పిల్లలు పడుకుని, ఆలుమగలు నాలుగు మాటలు చెప్పుకునే వేళది.

ఈ వేళలు మనం పెట్టినవి కావు, నిజమే. కానీ ఫ్రీజ్ క్యాలెండర్ సంగతి చూడండి. థ్యాంక్స్‌గివింగ్ నుంచి న్యూ ఇయర్ దాకా చాలా అమెరికా కంపెనీలు సిస్టమ్స్ మీద ఏ మార్పూ చెయ్యనివ్వవు. వాళ్ల పండగలకు వాళ్లు కంచె వేసుకున్నారు, తప్పేముంది? ఫ్రీజ్ ఎత్తెయ్యగానే అన్నాళ్లు పేరుకున్న మార్పులన్నీ జనవరిలో ఒక్కసారిగా మీదపడతాయి. ఆ నెల మధ్యలోనే మనకు భోగి, సంక్రాంతి, కనుమ. కొత్త అల్లుడు తొలి సంక్రాంతికి భీమవరం వెళ్లి, అరిసెల పళ్లెం పక్కన పెట్టుకుని, సిగ్నల్ కోసం డాబా ఎక్కి హాట్‌స్పాట్ పట్టుకుంటాడు. కింద వాకిట్లో బావమరుదులు కోడిపందేలకు బయల్దేరుతూ పిలుస్తుంటారు. 'అల్లుడుగారికి ఎంత పెద్ద ఉద్యోగమో' అని మామగారు పదిమందికీ చెప్పుకుంటారు. కొత్త పెళ్లికూతురు మాత్రం మెట్ల మీద నిలబడి, ఇదేం పెళ్లిరా అనుకుంటుంది. మరి ఆ క్యాలెండర్‌లో మన మూడు రోజులు కూడా చేర్చమని మేము ఏనాడైనా అడిగామా? చేంజ్ మీటింగులో ప్రతి వారం కూర్చుంటాం. 'ఎనీ కాన్‌ఫ్లిక్ట్స్?' అని వాళ్లే అడుగుతారు. 'నో కాన్‌ఫ్లిక్ట్స్' అంటాం. కాదంటే అకౌంట్ మరో ఊరికి పోతుందేమోనని భయం అనుకునేవాణ్ణి. ఇప్పుడనిపిస్తుంది, భయం కొంతే, చెప్పడానికి నామోషీ ఎక్కువ. మా ఇంట్లో పండగుంది అనడం చిన్నతనంగా తోచింది.

ఒకసారి మాలో ఒకతని ఇంటికి భోజనానికి వెళ్లాను. అన్నం కలుపుతుండగా అతని ఫోన్ మోగింది. అలర్టులకు వేరే రింగ్‌టోన్ పెట్టుకుంటాం, ఇంటిల్లిపాదికీ అది తెలుసు. అతను చెయ్యి కడుక్కోబోతుంటే అతని భార్య చారు గరిటెతో ఆగి అడిగింది: "పీ-వన్నా, పీ-టూనా?" అతను ఎడంచేత్తో ఫోన్ చూసి, "పీ-టూ" అన్నాడు. "అయితే తినే లేవండి. పీ-టూకి అరగంట టైముంటుందిగా." అందరం పగలబడి నవ్వాం. ఆవిడ తెలుగు ఎం.ఏ. చదివింది. మొత్తం ఆగిపోతే పీ-వన్ అనీ, కుంటుతూ నడుస్తుంటే పీ-టూ అనీ ఆవిడకు కోచింగ్ సెంటర్లో నేర్పలేదు, కాపురం నేర్పింది. అర్ధరాత్రి మోగినా ముందు లేచేది ఆవిడే, పిల్ల నిద్ర చెడకుండా ఫోన్ అందుకుని మొగుణ్ణి తట్టి లేపేదీ ఆవిడే. ఆ ఆన్‌కాల్ అలవెన్సులో ఆవిడకు పైసా రాదు, రోస్టరులో ఆవిడ పేరుండదు. ఆవిడ ఎం.ఏ.లో చదువుకున్నదేమిటో, ఈ మధ్య ఏం చదువుతోందో అతణ్ణి అడిగితే చెప్పలేకపోయాడు. మాలో చాలామందిమి చెప్పలేం.

ఇంతకీ మమ్మల్ని ఎవరూ రెక్క పట్టుకుని లాక్కుపోలేదు. ఆ పిలుపు మాకు తీపి. 2024 జులై 19, శుక్రవారం గుర్తుందిగా? ఒక్క భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వికటించి ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేశాయి. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. దూరాన్నుంచి ఒక్క బటన్‌తో బాగుచేసే రోగం కాదది. చాలా యంత్రాలను ఒక్కొక్కటిగా సేఫ్ మోడ్‌లో తెరవాలి, పాడు ఫైలు తీసెయ్యాలి. డిస్క్‌కు బిట్‌లాకర్ తాళముంటే 48 అంకెల రికవరీ కీ ముందు కొట్టాలి. ఆ అంకెలు ఫోన్లో చదివి చదివి గొంతులు పోయాయి. ఆ వారాంతం మా మొహాల్లో ఉన్న వెలుగు మా పెళ్లి వీడియోల్లో కూడా కనపడదు. అవసరమైన మనిషినన్న కైపు అది. ఇంట్లో మనం అవసరమని ఎర్ర లైటు వెలగదు, ఎస్‌ఎంఎస్ రాదు, బాగుచేశాక 'గ్రేట్ జాబ్ టీమ్' అని మెయిల్ రాదు. అందుకే ఎర్ర లైటు వెలిగే చోటికే పరుగెత్తాం.

ఆ కైపు తగ్గకూడదనే, చెయ్యాల్సిన పనులు కొన్ని కావాలనే చెయ్యలేదు. ఏది పాడైతే ఏం చెయ్యాలో చెప్పే రన్‌బుక్కులు రాయలేదు. పాత డేటాబేస్‌లను ఏ వరసలో లేపాలో ఒక్కడి బుర్రలోనే ఉంచాం. ఎక్కడా ఒకే ఒక్క యంత్రం మీద ఆధారపడొద్దని క్లయింటుకు స్లైడ్లు వేసి చెప్పేవాళ్లం, మనుషుల దగ్గరికొచ్చేసరికి 'వాడు లేకపోతే నడవదు' అనిపించుకోవడానికి తహతహలాడాం. 2016లో గూగుల్ ఇంజనీర్ల ఎస్‌ఆర్‌ఈ (సైట్ రిలయబిలిటీ ఇంజనీరింగ్) పుస్తకం వచ్చినప్పుడు పీడీఎఫ్ అందరి ఫోన్లలోనూ తిరిగింది. ఒకే చోటున్న టీమ్ ఆన్‌కాల్ మొయ్యాలంటే కనీసం ఎనిమిదిమంది ఉండాలనీ, షిఫ్టుకు రెండు ఘటనలకు మించకూడదనీ అందులో ఉంది. మేము అందులోంచి తీసుకున్నది హోదా. రెజ్యూమేలో 'సిస్టమ్ అడ్మిన్' కొట్టేసి 'ఎస్‌ఆర్‌ఈ' అని పెట్టుకున్నాం. ముగ్గురితో నడిచే రోటా ముగ్గురితోనే నడిచింది.

ఆడవాళ్ల సంగతి చెప్తానన్నాను. 'నైట్లు ఎందుకులే పాపం, చిన్నపిల్ల ఉంది' అని రోస్టరులోంచి వాళ్ల పేర్లు తీసేసింది మేమే. చాలా దయగా తీసేశాం. పెద్ద మార్పుల్లో చాలా రాత్రి రోస్టరుకే పడతాయి కాబట్టి, అప్రైజల్ వచ్చేసరికి 'క్రిటికల్ ఎక్స్‌పోజర్ లేదు' అని రాసిందీ మేమే. వాళ్లు టెస్టింగ్‌కో టికెట్ల కోఆర్డినేషన్‌కో వెళ్లిపోయారు. రాత్రి పని పగటికి మార్చే ఆటోమేషన్ చేద్దామని అడిగినవాళ్లలో వాళ్లే ముందున్నారు. ఆ పని జరిగుంటే మా రాత్రులు కూడా మిగిలేవి.

2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ ఆదివారం ఇంట్లో కూర్చుని ఎంతసేపని భార్యను చూస్తారన్నప్పుడు, మా గ్రూపుల్లో మీమ్‌లు వెల్లువెత్తాయి. వాటిని మేము ఫార్వర్డ్ చేసింది ఆదివారం చేంజ్ విండో మధ్యలో, సర్వర్ రీబూట్ అయ్యేలోపు. ఐటీ సంస్థలకు దుకాణాలు, సంస్థల చట్టంలోని పనివేళల నిబంధనల నుంచి రాష్ట్రంలో మినహాయింపు ఇస్తూ వచ్చారని మాకు తెలుసు. ఆఫీసు వేళ దాటాక ఫోన్ ఎత్తకపోయే హక్కు ఫ్రాన్సులో 2017 నుంచి చట్టంలో ఉందనీ తెలుసు. యూనియన్ మాటెత్తినవాణ్ణి మాత్రం 'కామ్రేడ్' అని ఏడిపించాం.

ఇప్పుడు మేమే లీడ్‌లం. రోస్టరు మా చేతుల్లో ఉంది, లీవులు మా పోర్టల్‌కే వస్తాయి. మొన్న డిసెంబరులో మా టీమ్ కుర్రాడొకడు, నిరుడే పెళ్లయినవాడు, సంక్రాంతికి నాలుగు రోజులు అడిగాడు. "బ్యాకప్ ఎవరు?" అన్నాను. బ్యాకప్ చూడాల్సింది నేనే. "లాప్‌టాప్ పట్టుకెళ్తాను అన్నా, ఊళ్లో ఇప్పుడు ఫైబర్ వచ్చింది" అన్నాడు. నేను అప్రూవ్ నొక్కాను. రిమార్క్స్ గడిలో 'అవైలబుల్ ఆన్ కాల్' అని కూడా నేనే టైప్ చేశాను.