వరి మోపు ఎత్తుకున్న ఆడమనిషి గుర్తు

మన పక్క కర్ణాటకలో జేడీఎస్ గుర్తు చూశారా? వరి మోపు నెత్తిన పెట్టుకున్న రైతు మహిళ. ఆ పార్టీ హాసన్ మాజీ ఎంపీ ప్రజ్వల్ రేవణ్ణ మీద కోర్టులో సాక్ష్యం చెప్పింది కూడా ఓ కష్టజీవే, వాళ్ల ఫాంహౌస్‌లో పనిచేసిన ఆవిడ.

అతని వీడియోలున్నాయి, జాగ్రత్త అని 2023 డిసెంబర్‌లోనే తమ రాష్ట్ర అధ్యక్షుడికి లేఖ రాశానని పొత్తు పార్టీ బీజేపీ స్థానిక నాయకుడే చెప్పాడు. అందలేదన్నారు ఆయన. సరేనయ్యా, ఎవడి గేదె ఎవడి చేలో పడిందో కూడా తెలిసే నాయకులకు ఇదొక్కటే తెలీలేదా? టికెట్ ఇచ్చారు. 2024 ఏప్రిల్ 26న పోలింగ్. అవగానే అతను జర్మనీకి. సస్పెన్షన్ మాత్రం 30న, అక్కడ ఓట్లు పెట్టెలో పడ్డాక! ఇదేం క్రమశిక్షణ?

2025 ఆగస్టులో ప్రత్యేక కోర్టు అతనికి యావజ్జీవం వేసింది. టికెట్ ఇచ్చినోళ్లని అడిగినోడే లేడు.