పంట సిఫారసుకు ముందు ఊరి నీటి లెక్క

వాతావరణ మార్పులను తట్టుకొనే వ్యవసాయం గురించి చర్చ జరిగినప్పుడు బెట్టను తట్టుకొనే రకాలు, బిందు సేద్యం, వాతావరణ ఆధారిత సలహాలు ముందుగా ప్రస్తావనకు వస్తాయి. ఇవన్నీ అవసరమైనవే. అయితే ఇవి ఒక్కొక్క రైతును, ఒక్కొక్క పొలాన్ని ఉద్దేశించినవి. రాయలసీమలోను, దక్షిణ తెలంగాణలోను బోరుబావుల కింద రబీ పంట భవితవ్యాన్ని నిర్ణయించే భూగర్భ జలానికి పొలం గట్లతో సంబంధం లేదు. ఒక రైతు వేరుశనగ ఊడలు దిగే దశలో ఎండిపోవడానికి పొరుగు రైతు వేసిన వరి కారణం కావచ్చు. కాబట్టి ఈ ప్రాంతాలలో పంట సిఫారసుకు పొలాన్ని కాక, ఊరి నీటి నిల్వను ప్రమాణంగా తీసుకోవలసిన అవసరం ఉన్నది.

ఈ ప్రాంతాలలో అధిక భాగం గ్రానైటు, నైస్ వంటి కఠిన శిలలతో కూడినది. నీరు నిలిచేది శిథిలమైన పై పొరలోను, రాతి పగుళ్లలోను మాత్రమే. అందువల్ల నిల్వ సామర్థ్యం పరిమితం. బోరును మరింత లోతుకు దించితే కొత్త నీరు పుట్టదు. చాలా సందర్భాలలో ఉన్న నీటి కోసం పోటీ మాత్రమే పెరుగుతుంది.

ఈ సత్యాన్ని రైతులే స్వయంగా కొలిచి గ్రహించగలరని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ప్రారంభమైన రైతుల భూగర్భ జల నిర్వహణ ప్రాజెక్టు నిరూపించింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలలో ఆరు వందలకు పైగా గ్రామాలలో ఇది అమలైంది. శిక్షణ పొందిన స్త్రీ, పురుష రైతులు వర్షపాతాన్ని ప్రతిదినం, ఎంపిక చేసిన బావులలో నీటి మట్టాన్ని పదిహేను రోజులకొకసారి నమోదు చేశారు. ఆ అంకెలను అందరికీ కనిపించేలా ఊరిలో బోర్డుపై వ్రాశారు. రబీకి ముందు సమావేశమై, అందుబాటులో ఉన్న నీటిని, వేయదలచిన పంటల అవసరాన్ని సరిపోల్చుకున్నారు. ఏ పంట వేయాలన్న నిర్ణయం మాత్రం ఆయా రైతులకే వదిలివేశారు.

ఈ లెక్క సామాన్యమైనదే. ఉదాహరణకు 500 హెక్టార్ల విస్తీర్ణం, 2,000 జనాభా గల ఒక గ్రామాన్ని ఊహించుకుందాం. 600 మిల్లీమీటర్ల వర్షం కురిస్తే 30 లక్షల ఘనపు మీటర్ల నీరు చేరుతుంది. అందులో పదో వంతు భూమిలోకి ఇంకిందనుకుంటే 3 లక్షలు. తలకు రోజుకు 55 లీటర్ల చొప్పున గృహావసరాలకు ఏడాదికి సుమారు 40 వేలు తీసివేయగా 2.6 లక్షల ఘనపు మీటర్లు మిగులుతుంది. రబీ వరికి 1,200, వేరుశనగకు 500, రాగికి 350 మిల్లీమీటర్ల నీరు కావాలని లెక్కిస్తే, ఆ నీటితో వరి 22 హెక్టార్లలో, వేరుశనగ 52 హెక్టార్లలో, రాగి 74 హెక్టార్లలో పండించవచ్చు. అదే గ్రామంలో వర్షం 400 మిల్లీమీటర్లకు తగ్గితే సాగుకు మిగిలేది 1.6 లక్షలే. వర్షం మూడో వంతు తగ్గినప్పుడు సాగునీరు సుమారు 38 శాతం తగ్గుతున్నది. తాగునీటి అవసరం తగ్గదు కనుక లోటు భారమంతా పంటపైనే పడుతుంది. ఇంకుడు శాతం, పొలం నుండి తిరిగి భూమిలోకి చేరే నీరు ఊరూరికీ మారుతాయి. అయినా పంటల ఎంపికపై చర్చకు ఈ స్థూల లెక్క చాలును.

దీనికి పరిమితులు లేకపోలేదు. వ్యవసాయానికి విద్యుత్తు ఉచితమైనప్పుడు నీటిని పొదుపు చేసిన రైతుకు ఆ మేరకు ఖర్చు తగ్గదు. వరికి ఉన్నంత నిశ్చితమైన కొనుగోలు చిరుధాన్యాలకు లేదు. బిందు సేద్యంతో ఆదా అయిన నీరు తరచుగా సాగు విస్తీర్ణాన్ని పెంచడానికే వినియోగమవుతున్నది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం బోర్ల తవ్వకానికి నియమాలు విధించినా, ప్రతి బావి వద్ద కాపలా ఉండటం ఏ శాఖకూ సాధ్యం కాదు. బోరు లేని రైతుకు ఈ లెక్కలో వాటా ఏదన్న ప్రశ్న కూడా ఉన్నది. అనంతపురం జిల్లాలోని కొన్ని గ్రామాలవారు కొత్త బోర్లు వేయరాదని, ఉన్న నీటిని పొరుగువారితో పంచుకోవాలని కట్టుబాటు చేసుకొని దీనికొక మార్గం చూపారు. అంకె సమస్యను తెలుపుతుంది. కట్టుబాటు దానిని పరిష్కరిస్తుంది. రెండింటిలో ఏది లోపించినా ఫలితం నిలువదు.

అన్నిటికంటె పెద్ద బలహీనత మరొకటి. ప్రాజెక్టు నిధులు ఆగగానే కొలతలు కూడా ఆగిపోవడం ఇటువంటి కార్యక్రమాలలో సాధారణం. 2019లో ప్రారంభమైన అటల్ భూజల్ యోజన గ్రామస్థాయి నీటి బడ్జెట్‌కు జాతీయ గుర్తింపు తెచ్చినా, అది ఎంపిక చేసిన ఏడు రాష్ట్రాలలో తెలుగు రాష్ట్రాలు లేవు. మార్గం చూపిన నేలపైనే ఆ అలవాటు అంతరించనివ్వడం విచారకరం.

ఈ పనికి కొత్త ప్రాజెక్టు కోసం ఎదురుచూడనవసరం లేదు. కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు తమ పరిధిలో రెండు మూడు గ్రామాలను ఎంచుకొని, వర్షమాపకాన్ని, నీటి మట్టపు కొలతను రైతుల చేతికి అప్పగించవచ్చు. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో విద్యార్థులు ఆ లెక్క కట్టడాన్ని రైతులతో కలిసి అభ్యసించవచ్చు. రబీ సిఫారసు పత్రంలో రకము, మోతాదులతో పాటు ఆ గ్రామంలో ఏ పంట ఎన్ని హెక్టార్లకు మించరాదో కూడా సూచించవచ్చు. అక్టోబరులో నీటి మట్టం తెలుసుకోకుండా చేసిన సిఫారసు ఎంత శాస్త్రీయమైనదైనా, ఫిబ్రవరిలో దాని మూల్యం చెల్లించేది రైతే.